డాక్టర్ సీటు రాకపోతే మావాడు ఫెయిలైనట్టేనా?

భీమవరం దగ్గర పల్లె నుంచి ఒక తండ్రి రాశారు: "మావాడు నీట్ రెండుసార్లు రాశాడు, సీటు రాలేదు. మూడోసారి లాంగ్‌టర్మ్‌లో చేర్పిస్తానంటే ససేమిరా అంటున్నాడు, బీఎఫ్‌ఎస్సీ, అదే చేపలు రొయ్యల పెంపకం డిగ్రీ, చదువుతాడట. మాకు మూడెకరాల రొయ్యల చెరువుంది. ఆ గట్టు మీద తిరగడానికేనా వీణ్ని ఇంత చదివించింది? మొన్న రాత్రి కరెంటు పోయి చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోతే లేచి జనరేటర్ వేసి తెల్లారేదాకా అక్కడే కూర్చున్నాడు, అలాంటి పనులకైతే ముందుంటాడు. వీడు జీవితంలో సక్సెస్ అవుతాడంటారా? నలుగురికీ ఏం చెప్పుకోవాలి?"

అయ్యా, మీరు రాసిన దాంట్లో నీట్ మార్కుల కంటే ఆ జనరేటర్ రాత్రే నా మనసులో ఉండిపోయింది. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ ఎంత పడిపోతుందో, రొయ్య తేలడం మొదలైతే నెలల కష్టం ఎన్ని గంటల్లో పోతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఎవరూ లేపకుండానే మీవాడు లేచాడు. పిల్లలతో మాట్లాడేటప్పుడు నేను వెతికేది అదే, ఎవరూ చెప్పకపోయినా ఏ పని కోసం నిద్ర మానుకుంటారు అని. చాలామంది దగ్గర అది దొరకదు, గంటసేపు అడిగినా "మీరే చెప్పండి సార్" అంటారు. మీ ఇంట్లో దొరికింది, మీరేమో 'అలాంటి పనులు' అని పక్కన పెట్టేశారు.

నీట్ సంగతి సూటిగా చెప్తాను. 2025లో 22 లక్షలమందికి పైగా రాశారు, దేశం మొత్తమ్మీద ఎంబీబీఎస్ సీట్లు సుమారు 1.2 లక్షలు, అందులో దాదాపు సగం ప్రైవేటువే. సీటు రానివాళ్లందరూ ఫెయిలైనవాళ్లని లెక్కేస్తే ప్రతి వీధిలోనూ ఫెయిలైన పిల్లలే ఉంటారు. వాడికే ఇష్టముంటే మూడోసారి రాయడం తప్పేం కాదు. ఇష్టం లేనివాణ్ని మళ్లీ ఏడాదిపాటు హాస్టల్ గదిలో కూర్చోబెట్టడం మాత్రం నేను ఒప్పుకోను. మూడో లాంగ్‌టర్మ్ చేస్తున్న ఒకమ్మాయి పెళ్లిళ్లకి వెళ్లడమే మానేసింది, "ఈసారైనా వచ్చిందా" అని అడుగుతారని. ఆ అడిగేవాళ్లే మీరు చెప్పిన 'నలుగురు'. వాళ్లు ఆ మాట అడిగేసి భోజనాలకి వెళ్లిపోతారు, పిల్ల మాత్రం దాన్ని ఇంటిదాకా మోసుకొస్తుంది.

మీ ఊరి వాడే యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో భీమవరంలో పుట్టారు, మెట్రిక్ మూడోసారికి గానీ పాసవలేదు, మద్రాసులో వైద్యం చదివితే ఎంబీబీఎస్ కాకుండా దానికంటే తక్కువదిగా చూసే ఎల్‌ఎంఎస్ ఇచ్చారు. ఆనాటి నలుగురూ ఏమనుకుని ఉంటారో ఊహించుకోండి. క్యాన్సర్‌కీ కీళ్లవాతానికీ ఇప్పటికీ వాడుతున్న మెథోట్రెక్సేట్ అమెరికాలో ఆయన నడిపించిన పరిశోధన నుంచే వచ్చింది. మీవాడు అంతటివాడవుతాడని నేననడం లేదు. సర్టిఫికెట్ మీద ఏం రాసుందో దాన్నిబట్టి మనిషి ఎవరికి ఉపయోగపడతాడో తెలియదని మాత్రం అంటున్నాను.

ఇక బీఎఫ్‌ఎస్సీ నాలుగేళ్ల కోర్సు, నెల్లూరు జిల్లా ముత్తుకూరులో కాలేజీ ఉంది. తర్వాత రొయ్య పిల్లల్ని తయారుచేసే హ్యాచరీలు, మేత కంపెనీలు, ల్యాబులు, బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ పోస్టులు, పైచదువు కావాలంటే ముంబైలో సీఐఎఫ్‌ఈ అనే కేంద్ర మత్స్య విద్యాసంస్థ. దేశంలో రొయ్యల ఉత్పత్తిలో మన ఆంధ్రాదే మొదటి స్థానం, అయినా రొయ్యలకి వైట్ స్పాట్ జబ్బు తగిలితే మందుల షాపు అబ్బాయి చెప్పిందే వేసేస్తున్న రైతులు ఎంతమందో మీకే తెలుసు. అక్కడ చదువుకున్నవాడి అవసరం ఉంది. కష్టాలు కూడా దాచను. మొదట్లో జీతం తక్కువ, గవర్నమెంటు పోస్టులు తక్కువ, అమెరికా సుంకం పెంచితే ఇక్కడ కౌంటు రేటు, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్నిబట్టి ఇచ్చే ధర, పడిపోతుంది. ఇవన్నీ వాడికి చెప్పండి. విన్నాక కూడా అదే అంటే ఇక వాడికి అడ్డు పడకండి.

వాడు ఈఏపీసెట్ బైపీసీ రాశాడో లేదో మీరు రాయలేదు. రాసుంటే కౌన్సెలింగ్ నోటిఫికేషన్ కోసం రోజూ చూస్తుండండి, రైతు కోటాకి అర్హత ఉందేమో అందులోనే తెలుస్తుంది. ఆలోపు భూమి కాగితాలు, వాడు చదివిన స్కూళ్ల స్టడీ సర్టిఫికెట్లు ఒకచోట పెట్టుకోండి. ఒక సాయంత్రం గట్టు మీద వాడి పక్కన కూర్చుని, ఆ రాత్రి ఎందుకు లేచావురా అని అడగండి. వాడు ఏం చెప్పాడో నాకు రాయండి.