నాన్న గురించి నాలుగు మంచి మాటలు రావడం లేదు

ప్రశ్న: నాన్న పోలీసు శాఖలో ఏఎస్ఐగా 2011లో రిటైరయ్యారు. తర్వాత కళ్యాణదుర్గం దగ్గర మా పల్లెలో ఆరెకరాల చేను చూసుకుంటూ పోయిన సంవత్సరం చనిపోయారు. అమ్మ పల్లెలోనే ఉంది. వచ్చే నెల సంవత్సరీకం. పెద్ద కొడుకుగా నేనే మాట్లాడాలట. చిన్నప్పుడు ఆయన ఇంట్లో ఉన్నది తక్కువ, ఉన్నప్పుడు కొట్టింది ఎక్కువ. పోయిన రోజు నాకు కన్నీళ్లు రాలేదు. ‘నీది రాతి గుండె’ అని అక్క ఇప్పటికీ మాట్లాడటం లేదు. బావ యూనిఫాం ఫొటోతో ఫ్లెక్సీ వేయిస్తున్నాడు. తమ్ముడు చేను అమ్మేద్దామంటున్నాడు. ట్రంకు పెట్టెలో నాన్న నోటు పుస్తకాలు దొరికాయి. సేద్యం పనులు కూడా స్టేషన్ డైరీ భాషలోనే రాసుకున్నారు. ఒకచోట ‘పెద్దవాడు బెంగళూరు నుండి వచ్చెను. రాత్రి ఉండక తిరిగి వెళ్లెను’ అని ఉంది. అది చూసినప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. నేనేం మాట్లాడాలి?
– ఒక సోదరుడు, అనంతపురం

జవాబు: ముందు ఆ రెండు ముక్కల సంగతి చూద్దాం. మీ ఉత్తరం బరువంతా వాటి మీదే ఉంది.

డైరీ రాయడం అలవాటైన పోలీసు కంటికి కనిపించింది రాస్తాడు. ఎవరొచ్చారు, ఎప్పుడు వెళ్లారు, అంతే. అందులో నిష్ఠూరం ఉందో, బెంగ ఉందో, ఉత్త హాజరు వేసుకున్నారో ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. ‘నాన్న నా కోసం ఎదురుచూశాడు, నేనే పాపిని’ అని మీకు మీరే తీర్పు రాసుకోకండి. ఆ పేజీకి ముందూ వెనకా కూడా చదవండి. మీ తమ్ముడు వచ్చిన రోజు, అక్క వచ్చిన రోజు ఎలా రాశారో చూడండి. మీ ఒక్కరి గురించే రాశారంటే అప్పుడు ఆలోచించాల్సిందే.

ఆయన ఇంట్లో లేకపోవడం గురించి. పోలీసులకు వారానికో రోజు సెలవు అన్నది మన రాష్ట్రంలో 2019లో గానీ రాలేదు. అప్పటికి మీ నాన్న రిటైరై ఎనిమిదేళ్లు. కదిరి తేరు, పుట్టపర్తి బందోబస్తు, ఎన్నికలు, ఫ్యాక్షన్ పల్లెల్లో పికెట్లు. పండగంటే జనానికి సెలవు, ఆయనకు డ్యూటీ. అందులో చాలా భాగం ఆయన చేతిలో లేదు. కొట్టడం మాత్రం ఆయన చేతిలోదే. దాన్ని కూడా ఖాకీ మీదికి నెట్టేయడం నాకిష్టం లేదు. అదే డ్యూటీ చేసి పిల్లల మీద చెయ్యెత్తనివాళ్లూ ఉన్నారు. మీకు కోపం ఉంటే ఉండనివ్వండి, సంవత్సరీకం తేదీ చూసుకుని అది తగ్గదు.

భయంతో పెరిగిన పిల్లలకు దుఃఖం ఒక్కోసారి వెంటనే రాదు. వచ్చినా ఏడుపుగా రాక చిరాకుగానో, నిద్రలేమిగానో వస్తుంది. ఆ పుస్తకం చూశాక నిద్ర పోయిందంటున్నారు. మీ ఏడుపు అక్కడ మొదలైందేమో. ఇంకో రెండు వారాలు ఇలాగే ఉంటే అనంతపురం సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్యుణ్ని కలవండి. వెళ్లడం మొహమాటంగా ఉంటే టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక ఏం మాట్లాడాలన్నది. పొగడొద్దు. ఆ నోటు పుస్తకాలు తీసుకెళ్లి చదవండి, చాలు. మీరు ఫొటో తీసి పంపిన పేజీ చదివి నాకు నవ్వాగలేదు. ‘సదరు ఎద్దు కుంటుచున్నది. డాక్టరుకు చూపించడమైనది. పరిస్థితి అదుపులో ఉన్నది.’ ఎద్దుకు కూడా రిపోర్టు రాశాడు మహానుభావుడు! దాని కిందే ఏ రోజు వాన పడింది, ఎన్ని మూటల విత్తనం పోసింది, కలుపు కూలీలు ఎంతమంది. ఊళ్లోవాళ్లకు ఆ వానలన్నీ గుర్తుంటాయి. మీరు ఒక లైను చదివితే వాళ్లే మిగతాది అందుకుంటారు, మీకు పెద్దగా మాట్లాడే పని ఉండదు. ఏడాదంతా కలిపి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మనది. పెన్షన్ వస్తుంటే టౌన్‌లో నీడపట్టున కూర్చోక, 58 ఏళ్లప్పుడు మెట్ట చేలో చెనిక్కాయ సేద్యానికి దిగడం మామూలు మొండితనం కాదు. చిన్నప్పుడు మీరు దెబ్బలు తిన్నదీ ఆ మొండితనం చేతనే. ఈ మాట మైకులో అనగలిగితే అనండి, లేకపోతే మానేయండి. ఫ్లెక్సీ జోలికి మాత్రం పోకండి. యూనిఫాం ఫొటో బావకు ముచ్చట, దానివల్ల మీకొచ్చే నష్టం లేదు.

చేను బేరం సంవత్సరీకం ఇంట్లో ఎత్తవద్దని తమ్ముడికి గట్టిగా చెప్పండి. అది నాన్న స్వార్జితమై, వీలునామా రాయకపోయి ఉంటే అమ్మకీ, అక్కకీ, మీ ఇద్దరికీ సమాన వాటాలు. అన్నదమ్ములు అనుకుంటే అయిపోయే పని కాదది.

ఇంత పెద్ద ఉత్తరంలో అమ్మ గురించి ఒక్క ముక్క రాశారు. ఫ్యామిలీ పెన్షన్ ఆమె పేరు మీదికి మారిందా? ట్రెజరీ కాగితాలు ఎవరు చూస్తున్నారు? చేను ఉంచాలో అమ్మాలో ఆమెను అడిగినవాళ్లున్నారా? ఈ ఆదివారం వెళ్లి అడగండి. రాత్రికి అక్కడే ఉండండి, బస్సు ఉందని లేవకండి. నాన్న నైట్ డ్యూటీలకు వెళ్లినప్పుడు ముగ్గురు పిల్లలతో ఎలా నెట్టుకొచ్చిందో అడగండి, చెప్పాలనిపిస్తే చెబుతుంది.

తర్వాత అక్కకు ఫోన్ చేయండి. ఏడవలేదన్న మాటకు సంజాయిషీ ఇవ్వొద్దు. ‘నాన్న పుస్తకాలు చదువుతున్నానక్కా, నీ గురించి కూడా రాశాడు, వింటావా’ అని అడగండి. నిజంగా రాసి ఉంటేనే సుమా, ముందు వెతికి పెట్టుకోండి.