ఏసీఎల్ తెగిన లైన్‌బ్యాకర్: సత్తా తేల్చేది ఎప్పుడు?

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా అబ్బాయికి పదహారేళ్లు, టెన్త్ గ్రేడ్ అయిపోవస్తోంది. హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌లో ఇన్‌సైడ్ లైన్‌బ్యాకర్, అంటే డిఫెన్స్ మధ్యలో నిలబడేవాడు. ఆరడుగుల ఎత్తు, 205 పౌండ్ల బరువు. కిందటి అక్టోబర్‌లో మ్యాచ్ ఆడుతుంటే కుడి మోకాలి ఏసీఎల్ (మోకాలిని నిలకడగా పట్టి ఉంచే లిగమెంట్) తెగింది. నవంబర్ మొదటి వారంలో సర్జరీ అయింది. దెబ్బ తగలకముందు 40 గజాలు 4.8 సెకన్లలో పరిగెత్తేవాడు. మొన్న పార్కులో నేనే టైమ్ చూస్తే 5.1 వచ్చింది. ప్రైవేట్ ట్రైనర్ ఒకాయన 'వీడికి ఒక స్టెప్ పోయింది, నాతో మూడు నెలలు చేస్తే తిరిగొస్తుంది' అంటున్నాడు. జూన్‌లో కాలేజీ కోచ్‌లు వచ్చే క్యాంపుకి పంపమంటారా? ఆగస్టుకల్లా ఆడగలడా? స్కాలర్‌షిప్ మీద ఆశ పెట్టుకోవచ్చా? వాళ్లమ్మేమో ఆట మాన్పించేయమంటోంది. నేను మా ఊళ్లో కబడ్డీ ఆడినవాణ్ణి. ఈ ఆట లోతు నాకు తెలియదు.

జవాబు: ముందు ఆ స్టాప్‌వాచ్ తీసి లోపల పెట్టేయండి. తప్పు పడుతున్నానని అనుకోకండి, మీ స్థానంలో ఉంటే నేనూ అదే చేసేవాణ్ణేమో. కానీ సర్జరీ అయిన ఆరో నెలలో, థెరపిస్టు ఊ అనకుండా, పిల్లాణ్ణి పార్కులో ఫుల్ స్పీడ్‌లో పరిగెత్తించడం ప్రమాదం. సర్జన్ మోకాల్లో పెట్టింది వేరేచోటి నుంచి తీసిన టెండన్ ముక్క. అది అక్కడ రక్తప్రసరణ తెచ్చుకుని, నిజమైన లిగమెంట్‌లా మారడానికి ఏడాది పైనే పడుతుంది. వాపు, నొప్పి మాత్రం నాలుగైదు నెలలకే పోతాయి. కుర్రాడికి అంతా బాగైపోయినట్టే ఉంటుంది. చూసేవాళ్లకూ అలాగే కనిపిస్తుంది. అసలు చిక్కంతా ఇక్కడే.

పైగా ఆ 5.1 దేనికీ పనికొచ్చే అంకె కాదు. చేత్తో నొక్కే వాచీలో బొటనవేలు కాస్త ముందూ వెనకా అయితే పదోవంతు, రెండు పదోవంతుల సెకను అటూఇటూ అయిపోతుంది. పచ్చిక వేరు, బూట్లు వేరు, వార్మప్ వేరు. అదే లెక్కన పాత 4.8 ఎవరు చూశారో, దేంతో చూశారో అదీ అడగాల్సిందే. ఆ 4.8ని పట్టుకుని ఇప్పుడు బాధపడటంలో అర్థం లేదు.

ఇక మీ అసలు ప్రశ్న, వీడిలో సత్తా మిగిలిందా లేదా అన్నది. దీన్ని మీరు ఒకే ప్రశ్నగా అడిగారు గానీ ఇందులో రెండున్నాయి. దెబ్బకు ముందు వీడు ఎలాంటి ఆటగాడు? ఆ ఆటను మోయడానికి మోకాలు ఎప్పటికి సిద్ధమవుతుంది? మొదటిదానికి జవాబు ఇప్పుడే దొరుకుతుంది. రెండోదానికి దొరకదు. మీరూ ఆ ట్రైనరూ కలిసి రెండోదాని అంకెతో మొదటిదాన్ని తేల్చేస్తున్నారు.

మీరు కబడ్డీ ఆడానన్నారు కదా, అయితే ఈ ఆట మీకు అనుకున్నదానికన్నా బాగానే అర్థమవుతుంది. రైడర్ కూతకు వచ్చినప్పుడు మంచి డిఫెండర్ అతని చేతిని చూడడు, నడుమూ కాళ్లూ చూస్తాడు. చెయ్యి మోసం చేస్తుంది, నడుము చెయ్యలేదు. లైన్‌బ్యాకర్ పనీ దాదాపు అదే. బంతి స్నాప్ అయిన (ఆట మొదలుపెట్టడానికి వెనక్కి అందించిన) క్షణంలో వీడి చూపు బంతి మీద కాదు, ఎదురుగా అవతలి టీమ్ ముందువరసలో ఉన్న గార్డుల మీద, బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ మొదటి అడుగు మీద ఉండాలి. గార్డు ముందుకొచ్చి గుద్దితే పరుగు, వెనక్కి జరిగి నిలబడితే పాస్, పక్కకు లాగి పరిగెత్తితే ఆట అటువైపు వెళ్తోందన్నమాట. అవతలివాళ్లు ఇందులోనూ మోసం చేస్తారు, అది వేరే సంగతి. ఇదంతా సెకనులోపే జరిగిపోవాలి. 40 గజాలు తిన్నగా పరిగెత్తే అవసరం లైన్‌బ్యాకర్‌కి మ్యాచ్ మొత్తంలో ఎన్నిసార్లు వస్తుందో వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. వాడు బతికేది మొదటి రెండు అడుగుల మీద.

అందుకే ఈ వారాంతం మీకో పని చెబుతాను. సెప్టెంబర్, అక్టోబర్ మ్యాచ్‌ల వీడియోలు టీమ్ దగ్గర ఉంటాయి, హడల్ అనే వీడియో సైట్‌లో పెట్టే ఉంటారు. హైలైట్స్ వద్దు, అందులో అందరూ వీరులే. మామూలు వీడియోలో వరసగా ఇరవై ప్లేలు తీసుకుని, స్నాప్ దగ్గర ఆపి, మళ్లీ నెమ్మదిగా నడిపించండి. వీడి మొదటి అడుగు ఎటు పడింది? బంతి చేతులు మారకముందే కదిలాడా, మారాక కదిలాడా? తప్పుడు వైపు అడుగేసి వెనక్కి తీసుకున్నవి ఎన్ని? మనిషిని పట్టేటప్పుడు భుజం ఆనించి కాళ్లు తోస్తూ వెళ్లాడా, చేతులు చాచి వేలాడాడా? పాస్ వచ్చినప్పుడు నడుము తిప్పి వెనక్కి పరిగెత్తగలిగాడా, వెనకడుగులు వేస్తూ ఉండిపోయాడా? వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. 'ఇక్కడ ఎందుకు అటు వెళ్లావు?' అని అడిగితే వాడు చెప్పే కారణంలోనే సగం జవాబు దొరుకుతుంది.

ఇరవైలో పదిహేనుసార్లు సరైన వైపు ముందే కదిలి ఉంటే, ఆ చూపును ఏ దెబ్బా తీసుకుపోలేదు. దెబ్బకు ముందే ఆలస్యంగా కదిలేవాడైతే మాత్రం, నొప్పిగా ఉన్నా చెబుతున్నాను, ఆ నెపం మోకాలి మీద వేయకండి.

ఇక మోకాలి సంగతి. మీ ఉత్తరంలో ఒక పెద్ద విషయం లేదు. తెగింది ఏసీఎల్ ఒక్కటేనా? మోకాల్లో మెత్తలా ఉండే మెనిస్కస్ కూడా చిరిగిందా? చిరిగితే కుట్టారా, ముక్క తీసేశారా? ఎముక చివర ఉండే మృదులాస్థి దెబ్బతిందా? వీటి మీదే వాడి ఇరవై ఐదో ఏట మోకాలు ఎలా ఉంటుందన్నది చాలావరకు ఆధారపడి ఉంటుంది. ఆపరేషన్ రిపోర్టు అడిగి తీసుకోండి, అది మీ హక్కు.

ఇది ఎందుకు ముఖ్యమో మీ ఊళ్లోనే ఉదాహరణ ఉంది. డాలస్ కౌబాయ్స్ ప్రొఫెషనల్ టీమ్ ప్రాక్టీస్ చేసే 'ది స్టార్' మీ ఫ్రిస్కోలోనే కదా. ఆ టీమ్ 2016లో జేలన్ స్మిత్ అనే లైన్‌బ్యాకర్‌ని తీసుకుంది. 2015లో దేశంలోకెల్లా మేటి కాలేజీ లైన్‌బ్యాకర్‌గా బట్‌కస్ అవార్డు అందుకున్నవాడు. 2016 జనవరి 1న, నోటర్ డామ్ యూనివర్సిటీ తరఫున ఫియెస్టా బౌల్ మ్యాచ్ ఆడుతూ ఏసీఎల్, మోకాలి బయటి పక్క ఉండే ఎల్‌సీఎల్ రెండూ తెంచుకున్నాడు. లిగమెంట్లు అతుకుతాయి, దాని గురించి ఎవరికీ పెద్ద భయం లేదు. పాదాన్ని పైకెత్తే నరం దెబ్బతింది, అందరూ జంకింది దానికి. టీమ్‌లు వరసగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి అయిదారుగురిలో పోవాల్సినవాడు 34వ స్థానానికి జారాడు. 2016 సీజన్ మొత్తం ఆడలేదు. 2017లో కాలికి బ్రేస్ కట్టుకుని దిగాడు. 2019 సీజన్‌కి మేటి ఆటగాళ్లను ఎంపిక చేసే ప్రో బౌల్ దాకా వెళ్లాడు. 2021లో అదే టీమ్ వదిలేసింది, అదీ నిజమే. ఆరో నెలలో స్టాప్‌వాచ్ పట్టుకుని ఉంటే అతని కథ అక్కడే ముగిసి ఉండేది.

నావారో బౌమన్ అని ఇంకొకాయన ఉన్నాడు. 2014 జనవరిలో మోకాలు పోయి, ఆ ఏడాది మొత్తం బయట కూర్చుని, 2015లో ఎన్‌ఎఫ్‌ఎల్ ప్రొఫెషనల్ లీగ్‌లో అందరికన్నా ఎక్కువ ట్యాకిల్స్ (బంతి ఉన్నవాణ్ణి పట్టి పడేయడం) చేశాడు. థామస్ డేవిస్ ఒకే మోకాలి ఏసీఎల్ మూడుసార్లు తెంచుకుని కూడా లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ ఆడాడు. వీళ్లను చూసి ధైర్యం తెచ్చుకోండి గానీ లెక్కలు మాత్రం వేసుకోకండి. మూడు తెగి తిరిగొచ్చినవాడి పేరు మనకు తెలుసు. రెండోసారి తెగి ఆట వదిలేసిన వేలమంది పేర్లు ఎవరికీ తెలియవు.

ఎందుకంటే మీవాడి వయసులో అసలు భయం సత్తా గురించి కాదు, మళ్లీ తెగడం గురించి. ఏసీఎల్ సర్జరీ తర్వాత ఆటకు తిరిగొచ్చిన పాతికేళ్లలోపు వాళ్లలో సుమారు నలుగురిలో ఒకరికి మళ్లీ తెగుతోంది. అదే మోకాలు కావచ్చు, రెండోది కావచ్చు. కాబట్టి వాళ్లమ్మ భయపడుతోందంటే ఊరికే కాదు. అయితే ఆ ప్రమాదాన్ని తగ్గించుకునే దారీ తెలుసు. కనీసం తొమ్మిది నెలలు ఆగడం, పరీక్షలు నెగ్గాకే దిగడం.

ఆ పరీక్షలేవో మీకూ తెలియాలి. తొడ ముందు కండరం బలాన్ని మెషీన్ మీద కొలుస్తారు. దెబ్బ తగిలిన కాలు రెండో కాలితో పోలిస్తే కనీసం 90 శాతం ఉండాలి. ఒంటికాలి గెంతులు నాలుగు రకాలు ఉంటాయి, వాటిలోనూ అంతే. ఇక్కడొక మెలిక ఉంది. ఆరు నెలలు సోఫాలో కూర్చుంటే మంచి కాలు కూడా బలహీనపడుతుంది. ఆ నీరసించిన కాలితో పోల్చి 90 వచ్చిందని సంబరపడితే మోసపోతాం. శరీర బరువుతో పోల్చి ఎంత బలం ఉందో కూడా చెప్పమని థెరపిస్టుని అడగండి. దూరం ఒక్కటే కాదు, దిగేటప్పుడు మోకాలు లోపలికి వంగుతోందేమో చూడమనండి. మనసుకీ ప్రశ్నావళి ఉంది, అదీ చేయిస్తారు. కుడికాలు బలంగా ఆనించి ఎడమకు మళ్లాల్సిన చోట వీడు రెండు చిన్న అడుగులు వేసి తప్పించుకుంటున్నాడంటే, నోటితో 'అయామ్ ఫైన్ డాడీ' అన్నా సరే, ఇంకా సిద్ధంగా లేడు.

అంచేత జూన్ క్యాంపులో దింపడానికి నేను ఒప్పుకోను. ఏడో నెల అది. కోచ్‌ల ముందు కుంటి టైమ్ నమోదైతే అదే వాళ్ల నోట్‌బుక్‌లో ఉండిపోతుంది. ఆగస్టుకి తొమ్మిది నెలలు నిండుతాయి, నిజమే. కానీ తొమ్మిది నిండాకే ప్యాడ్లు కట్టుకుని గుద్దుకోవడం మొదలవుతుంది. అన్నీ కుదిరితే సీజన్ రెండో సగంలో నాలుగైదు మ్యాచ్‌లు. కాలేజీ కోచ్‌కి ఆ నాలుగు మ్యాచ్‌ల వీడియో, దెబ్బకు ముందటి వీడియో పక్కపక్కన పెడితే సరిపోతుంది. వీడి సత్తా తేలేది అప్పుడు.

'ఒక స్టెప్ పోయింది' అన్న ట్రైనర్ గురించి ఎక్కువ చెప్పను. రోగం చెప్పినవాడే మందు కూడా అమ్ముతుంటే మన అమ్మమ్మలు ఏమనేవారో మీకు తెలుసు.

స్కాలర్‌షిప్: అమెరికాలో హైస్కూల్ ఫుట్‌బాల్ ఆడే పిల్లలు సుమారు పది లక్షల మంది. కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ సంస్థ కిందున్న కాలేజీల్లో ఏదో ఒక స్థాయిలో ఆడేది వందలో ఏడుగురు. అన్నిటికన్నా పై స్థాయి డివిజన్ వన్ అయితే ముగ్గురు కూడా ఉండరు. ఇది మోకాళ్లు బాగున్నవాళ్ల లెక్కే. ఆటగాళ్లు కాలేజీ మారడానికి వాడే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చాక కోచ్‌లు హైస్కూల్ పిల్లాడికన్నా ఇరవై ఒక్కేళ్ల అనుభవజ్ఞుణ్ణి తెచ్చుకోవడానికే మొగ్గు చూపుతున్నారు. ఆటగాళ్లకు డబ్బు చెల్లించే విషయమై కోర్టు కేసులో 2025లో కుదిరిన సెటిల్‌మెంట్ తర్వాత చాలా పెద్ద కాలేజీల్లో టీమ్ 105 మందికే పరిమితమైంది, డబ్బు తీసుకోకుండా టీమ్‌లో చేరే వాక్-ఆన్‌లకు చోటు తగ్గింది. డివిజన్ త్రీలో ఆటకు స్కాలర్‌షిప్ అసలు ఉండదు గానీ, మార్కులు చూసి ఇచ్చే సాయం ఉంటుంది. ఎటు వెళ్లినా 16 కోర్ కోర్సుల (ఎన్‌సీఏఏ అడిగే హైస్కూల్ ముఖ్య సబ్జెక్టుల) సంగతి ఇప్పుడే చూసుకోండి. డివిజన్ వన్‌కి వాటిలో కనీసం 2.3 జీపీఏ కావాలి. 3.7 ఉన్న లైన్‌బ్యాకర్‌కి తలుపులు ఎక్కువ తెరుచుకుంటాయి. మీరు ఇంకా హెచ్-1బీ మీదే ఉంటే మరో మాట. గ్రీన్ కార్డ్ రాకుండా ఇరవై ఒకటి నిండితే వాడు ఎఫ్-1 విద్యార్థి వీసాకి మారాల్సి రావచ్చు. ఎఫ్-1 మీద ఆట స్కాలర్‌షిప్ తీసుకోవచ్చు గానీ, పేరు వాడుకుని సంపాదించే ఎన్ఐఎల్ డబ్బుల దగ్గర వీసా చిక్కులొస్తాయి. ఇమిగ్రేషన్ లాయర్‌ని అడక్కుండా దేని మీదా సంతకం పెట్టించకండి.

కాలేజీల జాబితా రాసేటప్పుడు ఒక్కో పేరు దగ్గర వాణ్ణి ఇలా అడగండి: 'రేపు మోకాలు మళ్లీ పోయి ఆట ఆగిపోయినా ఇక్కడే చదువుకుంటావా?' కాదన్నవి కొట్టేయండి.

మీ ఉత్తరంలో మీ మాట ఉంది, వాళ్లమ్మ మాట ఉంది, ట్రైనర్ మాట కూడా ఉంది. వాడి మాట మాత్రం ఒక్కటీ లేదు. ఆ ఇరవై ప్లేలు చూస్తున్నప్పుడే అడగండి, ఎదురెదురుగా కూర్చుని అడిగితే పదహారేళ్లవాడు సరిగ్గా చెప్పడు. ఏం చెప్పాడో రాయండి. ఆపరేషన్ రిపోర్టులో మెనిస్కస్ గురించి ఏం రాశారో, అది కూడా పంపండి.