ఆ అద్దం సీను తీసెయ్

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. రెండోసారి కోపంతో చదివాను.

మూడో పేజీలో కర్టెన్లు అమ్మేవాడు "ఏ రంగు తియ్యమంటారమ్మా?" అంటే ఆవిడ జవాబు చెప్పకుండా మొగుడి మొహంలోకి చూస్తుంది. అక్కడ కాగితాలు పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను. అంత బాగా రాసినదానివి, ఆఖర్న ఆవిణ్ణి అద్దం ముందు నిలబెట్టి "తనలోని శక్తిని తాను తెలుసుకుంది" అని ఎందుకు రాశావు? ఆ మాట నీది. ఆవిడకి ఆ భాషే రాదు.

అలాంటి మనిషిలో మార్పు ముందు చేతుల్లోకొస్తుంది. మనసుకి ఎప్పుడో తీరిగ్గా తెలుస్తుంది. పదకొండేళ్లు నేను అందరూ పడుకున్నాక రాసి, ఆ కాగితాలు పరుపు కింద దాచేదాన్ని. ఒక రాత్రి నిద్రమత్తులో బల్ల మీదే వదిలేశాను. పొద్దున చూస్తే వాటి మీద మా ఆయన కళ్లజోడు ఉంది. చదివారో లేదో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఆ రోజు నుంచి దాచడం మానేశాను. ధైర్యం వచ్చిందనుకోలేదు, పరుపు ఎత్తే ఓపిక పోయిందనుకున్నాను.

అదే కథగా రాస్తే ఒక సంపాదకుడు నన్నడక్కుండా చివర "ఆమెలో కొత్త స్త్రీ మేల్కొంది" అని తగిలించాడు. ఆ పత్రిక ఎప్పుడో మూతపడింది. ఆ వాక్యం మాత్రం నా పేరు మీద ఇంకా బతికే ఉంది! ఈ సంపాదకులకి ఒకప్పుడు ఆడది ఓర్చుకుంటేనే కథ, తర్వాత సూట్‌కేసుతో గుమ్మం దాటితేనే కథ. నార్వే నాటకకర్త ఇబ్సెన్ 1879లో 'ఎ డాల్స్ హౌస్' నాటకం చివర నోరా అనే ఇల్లాలిని మొగుణ్ణీ పిల్లల్నీ వదిలి ఇల్లు దాటించాడా, జర్మనీలో ఆ వేషం వేయాల్సిన నటి ఒప్పుకోలేదు. ఇంకెవరో చెడగొట్టేలోపు తనే ముగింపు మార్చి ఇచ్చాడు, పిల్లల్ని చూసి నోరా ఆగిపోయేట్టు. అంతటివాడికే తప్పలేదు. నీ మీద మాత్రం ఇప్పుడు ఎవరి ఒత్తిడీ లేదు కదా, నీ అంతట నువ్వే ఎందుకు పాడుచేసుకోవడం?

ఆవిణ్ణి మళ్లీ ఆ కొట్టుకే పంపు. మొగుడు పక్కనే ఉండనీ. ఈసారి ఒక రంగు చెప్పనీ. ఇంటికొచ్చి తగిలించాక అది ఆవిడకే నచ్చకపోనీ. అయినా మార్చమని తిరిగి వెళ్లదు, ఆయన ముక్కు చిట్లించినా సరే.

పేరు బాగుందా, పోటీకి పంపనా అని ఏవేవో అడిగావు. ముందు ఆ పేజీ తిరగరాసి పంపు. కాస్త పెద్ద అక్షరాలు రాయి, నా కళ్లు మునుపట్లా లేవు.