జంతు రెస్క్యూ యాప్: రిపోర్ట్ చేసేవాళ్ళ కంటే ముందు డ్రైవర్ గురించి ఆలోచించండి

వీధికుక్కలు, ఆవులు, పక్షుల్ని కాపాడే చిన్న సంస్థకి యాప్ డిజైన్ చేస్తున్నామనీ, జనం ఫోటో తీసి రిపోర్ట్ చేయడం, దత్తత, విరాళాలు, మ్యాప్ అన్నీ పెట్టాలనుకుంటున్నామనీ, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమనీ అడిగారు. హైదరాబాద్‌లో ఇలాంటి ఒక సంస్థకి కొన్నాళ్ళు వాలంటీర్‌గా ఫోన్లు ఎత్తాను, తర్వాత వాళ్ళ యాప్ డిజైన్‌లోనూ పనిచేశాను. ఆ అనుభవంతో చెబుతున్నా.

అన్నిటికంటే ముందు, రిపోర్ట్ చేసేవాళ్ళకి యాప్ పెట్టకండి. కుక్కని కారు గుద్దేసి వెళ్ళిపోయింది, నలుగురు గుమిగూడారు. ఆ టెన్షన్‌లో ప్లే స్టోర్‌కి వెళ్ళి, యాప్ దింపుకుని, ఓటీపీ కొట్టి అకౌంట్ తెరిచే ఓపిక ఎవరికుంటుంది? వాళ్ళకి ఒక ఫోన్ నంబరు, లాగిన్ అడగని ఒక వెబ్ లింకు చాలు. క్యూఆర్ కోడ్ ప్రింట్ తీసి మందుల షాపుల్లో, అపార్ట్‌మెంట్ గేట్ల దగ్గర అంటించండి. యాప్ లోపలి మనుషులకి: ఫోన్ ఎత్తేవాళ్ళకి, అంబులెన్స్ డ్రైవర్‌కి, షెల్టర్‌లో డాక్టర్‌కి.

ఆ లింకులో మూడే ప్రశ్నలు ఉంచండి. ఎక్కడ? ఫోటో ఉందా? బండి వచ్చేదాకా మీరు అక్కడే ఉంటారా? మూడోది చాలామంది అడగరు, కానీ కేసు నిలిచేది దాని మీదే. దెబ్బ తగిలిన కుక్క ఉన్నచోట ఉండదు. ఈడ్చుకుంటూనైనా ఏ కారు కిందికో, మురిక్కాలవలోకో దూరిపోతుంది. బండి ట్రాఫిక్ దాటుకుని వచ్చేసరికి రోడ్డు మీద మరక తప్ప ఏమీ ఉండదు. ఫోన్ చేసినాయన్ని అడిగితే ‘నేను ఆఫీసుకి వచ్చేశానండీ’ అంటారు. ఆయన్ని తప్పుపట్టలేం, ఎవరి ఉద్యోగాలు వాళ్ళవి. అందుకే ‘ఉండలేను’ అని నొక్కిన వెంటనే ‘పక్కన వాచ్‌మన్‌దో, టీ కొట్టాయనదో నంబరు ఇస్తారా?’ అని అడగాలి. నా లెక్కలో మొత్తం ఫారంలో అంత విలువైన గడి ఇంకోటి లేదు.

లొకేషన్ దగ్గర ఒక చిక్కుంది. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి, కచ్చితమైన లొకేషన్ ఇవ్వాలా, ఉజ్జాయింపుగా ఇవ్వాలా అన్నది ఫోన్ యజమాని ఇష్టం. ఉజ్జాయింపు అంటే దాదాపు మూడు చదరపు కిలోమీటర్ల పరిధి. అందులో కుక్కని ఎక్కడని వెతుకుతారు? కాబట్టి పిన్‌ని మ్యాప్ మీద చూపించి జరపమనండి, పక్కనే గొంతుతో గుర్తు చెప్పే బటన్ పెట్టండి. ‘హనుమాన్ గుడి వెనక గల్లీ, నీళ్ళ ట్యాంకు కింద’ అన్న ఒక్క ముక్క డ్రైవర్‌కి పిన్ కంటే బాగా పనికొస్తుంది. వాట్సాప్‌లో వచ్చిన ఫోటోల నుంచి లొకేషన్ తీద్దామనుకోకండి, పంపేటప్పుడే అది ఆ వివరాలు తీసేస్తుంది.

ఫారం పైన పెద్దక్షరాలతో ‘ముట్టుకోవద్దు’ అని ఉండాలి. నొప్పిలో ఉన్న జంతువు దయతో వచ్చినవాళ్ళనీ కరుస్తుంది. కరిస్తే సబ్బూ నీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా వేయించుకోవాలన్నది కూడా అక్కడే రాయండి. పాము అని నొక్కితే మీ బండికి కాదు, అటవీశాఖకో, పాములు పట్టడంలో శిక్షణ ఉన్నవాళ్ళకో వెళ్ళాలి. హైదరాబాద్‌లో అయితే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ ఉంది. సంక్రాంతికి మాంజా చుట్టుకుని కరెంటు తీగల మీద వేలాడే పక్షుల కోసం ‘ఎత్తులో ఉంది’ అన్న ఆప్షన్ కూడా కావాలి. నిచ్చెన లేకుండా బండి వెళ్ళి ప్రయోజనం లేదు.

ఇక డ్రైవర్ స్క్రీన్. మేము చూసిన డ్రైవరన్న ఫోన్ డ్యాష్‌బోర్డుకి రబ్బరు బ్యాండుతో కట్టి ఉండేది, స్క్రీన్‌గార్డ్ పగిలింది, చేతికి మందపాటి గ్లవ్, పైన ఎండ. దానిమీద అందమైన ఐకాన్లు ఏం కనపడతాయి! నాలుగు పెద్ద బటన్లు పెట్టాం: బయల్దేరా, చేరా, ఎక్కించా, దొరకలేదు. ‘దొరకలేదు’ని మాత్రం దాచకండి. అది లేకపోతే కేసులు తెరిచినట్టే ఉండిపోయి, ఫోన్ ఎత్తేవాళ్ళు అదే కుక్క కోసం మళ్ళీ మళ్ళీ బండి పంపుతారు. నెట్ లేకపోయినా బటన్ నొక్కితే ఫోన్‌లో నిలవ ఉండి, సిగ్నల్ రాగానే వెళ్ళాలి.

పబ్లిక్ మ్యాప్ ఆలోచన మానేయండి. కుక్కలు ఎక్కడున్నాయో, ఎవరు అన్నం పెడుతున్నారో అందరికీ చూపిస్తే, వాటికి విషం పెట్టేవాళ్ళకీ, తిండి పెట్టేవాళ్ళతో గొడవపడేవాళ్ళకీ మనమే దారి చూపినట్టు.

కానీ కుక్కని పట్టిన చోటు వివరం మీ సంస్థ లోపల మాత్రం భద్రంగా ఉండాలి. 2023 ఏబీసీ (జంతువుల సంతాన నియంత్రణ) నిబంధనల ప్రకారం పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసిన కుక్కని పట్టిన చోటే వదలాలి. అయితే 2025 నవంబరులో సుప్రీంకోర్టు బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్లలో పట్టినవాటిని తిరిగి అక్కడే వదలొద్దని ఆదేశించింది. కాబట్టి పికప్ పిన్‌తో పాటు అది ఎలాంటి స్థలమో కూడా నమోదు చేయండి. ఇలాంటి రూల్స్ మారుతుంటాయి, కోడ్‌లో పాతేయకుండా సెట్టింగ్స్‌లో పెట్టండి. ఫోటోలో చెవి కనపడేలా తీయమనండి. చెవి కొస కత్తిరించి ఉంటే ఆపరేషన్ అయిపోయినట్టే.

విరాళాలకి యూపీఐ క్యూఆర్ చాలు. ఒక్క జాగ్రత్త: అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఇస్తామంటే పాస్‌పోర్టు ఏదో చూడాలి. భారత పౌరులు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళు, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీయులకిచ్చేది) ఉన్నా సరే, రూపాయల్లో ఇచ్చినా అది విదేశీ విరాళమే, సంస్థకి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. అది లేకపోతే విదేశీ కార్డులు తీసుకునే ఆప్షన్ ఆపేయండి.

దత్తత పేజీ తర్వాత చూసుకోవచ్చు, ఇప్పటికి ఇన్‌స్టాగ్రామ్‌తో నడుస్తుంది. మీకు ఎన్ని బండ్లున్నాయో, రాత్రి ఫోన్ ఎవరు ఎత్తుతారో కింద రాయండి. ఒక్క బండే అయితే కేసులకి వరస పెట్టే పద్ధతి వేరేలా ఉండాలి, దాని గురించి విడిగా చెబుతాను.