హోటల్ పాయింట్లు మురిగిపోతే... పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మాది చిత్తూరు. మామిడి గుజ్జు వ్యాపారం చేస్తాను. చెన్నై, ముంబై వెళ్లినప్పుడల్లా ఒకే విదేశీ సంస్థకు చెందిన హోటళ్లలో దిగేవాడిని. బస చేసినందుకు సంస్థ ఇచ్చే, తరువాత గది అద్దెకు బదులు వాడుకోగల పాయింట్లు నాలుగేళ్లలో 42,000 చేరాయి. ఆ తరువాత నాన్నగారి అనారోగ్యం వల్ల రెండేళ్లకు పైగా ఊరు కదలలేదు. ఈ మధ్య మా అమ్మాయి కాలేజీ ప్రవేశం కోసం చెన్నైలో గది తీసుకుందామని యాప్ తెరిస్తే పాయింట్లు సున్నా అని చూపించింది. నా డబ్బుతో సంపాదించుకున్నవాటిని ఎలా తీసేస్తారు? తిరిగి రాబట్టుకునే దారి ఉందా?
(ఒక పాఠకుడు, చిత్తూరు)

సమాధానం: మీ బాధ న్యాయమైనదే, కాని మీ ప్రశ్నలోని 'నా డబ్బుతో సంపాదించుకున్నవి' అన్న మాట దగ్గరే చిక్కు ఉంది. మీరు సభ్యత్వం తీసుకున్న రోజున అంగీకరించిన షరతులలో, పాయింట్లు సభ్యుడి ఆస్తి కావనీ, వాటికి నగదు విలువ లేదనీ, పథకాన్ని మార్చే హక్కు సంస్థకు ఉంటుందనీ దాదాపు ప్రతి హోటల్ పథకమూ రాసుకుంటుంది. బ్యాంకులో వేసిన సొమ్ము పదేళ్లు ముట్టుకోకపోయినా మీదే. పాయింట్ల సంగతి అలా కాదు. అవి సంస్థ మీకు చేసిన ఒక వాగ్దానం, దానికి గడువు కూడా సంస్థే పెడుతుంది.

గడువు రెండు రకాలుగా ఉంటుంది. మొదటి రకంలో మీ ఖాతాలో చివరిసారి కదలిక (పాయింట్లు చేరడమో, వాడుకోవడమో) జరిగిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది, మళ్లీ ఏ చిన్న కదలిక జరిగినా గడియారం వెనక్కి తిరిగి మొత్తం పాయింట్లకు కొత్త ఆయుష్షు వస్తుంది. మారియట్ బాన్వాయ్, హిల్టన్ ఆనర్స్, వరల్డ్ ఆఫ్ హయత్ పథకాలలో ఈ వ్యవధి 24 నెలలు. ఐహెచ్‌జీ వన్ రివార్డ్స్‌లో సాధారణ సభ్యుడికి 12 నెలలే; పై శ్రేణి సభ్యులకు మాత్రం ఆ శ్రేణిలో కొనసాగినంత కాలం గడువు ఉండదు. రెండో రకంలో పాయింటు వచ్చిన రోజు నుంచే లెక్క నడుస్తుంది, మధ్యలో మీరు ఎన్నిసార్లు బస చేసినా అది ఆగదు. విండమ్ రివార్డ్స్‌లో ఈ రెండూ కలిసే ఉన్నాయి: 18 నెలలు కదలిక లేకపోతే పాయింట్లు పోతాయి, కదలిక ఉన్నా ఏ పాయింటైనా వచ్చిన నాలుగేళ్లకు మురిగిపోతుంది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు పెద్ద సంస్థలు చాలావరకు ఈ గడువులను కొంతకాలం ఆపి ఉంచాయి. అందువల్ల పాయింట్లు ఎప్పటికీ పోవన్న భ్రమ అప్పటి సభ్యులలో చాలామందికి ఏర్పడింది; ఆ సడలింపు ఎప్పుడో ముగిసింది.

సంస్థలు ఇంత పట్టుగా ఎందుకుంటాయంటే, వాడని ప్రతి పాయింటూ వాటి ఖాతా పుస్తకాలలో తీర్చవలసిన బాధ్యతగా కనిపిస్తుంది. మన దేశంలో 2018 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఇండ్ ఏఎస్ 115 అనే లెక్కల ప్రమాణం ప్రకారం, మీరు కట్టిన గది అద్దెలో ఒక భాగాన్ని పాయింట్ల కోసం పక్కన పెట్టి, మీరు వాటిని వాడుకున్నాకో, అవి మురిగిపోయాకో ఆదాయంగా చూపాలి. కొందరు ఎన్నటికీ వాడుకోరన్న అంచనా కూడా ఆ లెక్కలో ముందే చేరి ఉంటుంది. ఇది మోసం కాదు, చట్టబద్ధమైన లెక్కే. అయినా మన మరుపు మీద ముందుగానే అంచనా కట్టారని తెలిస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది.

ఇక తిరిగి రాబట్టుకోవడం గురించి. ముందుగా సంస్థ సభ్యుల సేవా విభాగానికి, మీ తండ్రిగారి చికిత్స పత్రాల నకళ్లు జతచేసి, మర్యాదగా ఒక ఈమెయిల్ రాయండి. మురిగిన పాయింట్లను పునరుద్ధరించబోమని షరతులలో రాసి ఉన్నా, పాత సభ్యుడిని వదులుకోవడం ఇష్టంలేక కొంత భాగమైనా ఇచ్చే సందర్భాలు ఉంటాయి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, మీరు నివసించే జిల్లాలోని కమిషన్ ముందే ఫిర్యాదు వేసుకోవచ్చు, చెన్నై తిరగనవసరం లేదు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపు అయితే రుసుము కూడా ఉండదు. గడువు మాత్రం వివాదానికి కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్లు.

అయితే మీ విషయంలో ఒక ఇబ్బంది ఉంది. వాణిజ్య ప్రయోజనం కోసం సేవ పొందినవారు ఆ చట్టం కింద వినియోగదారులు కారు. మీరు దిగింది వ్యాపారపు పనుల మీద కాబట్టి, బిల్లులు సంస్థ పేరున, జీఎస్‌టీ నంబరుతో ఉంటే, ఎదుటి పక్షం మొట్టమొదట ఎత్తే అభ్యంతరం అదే అవుతుంది. పైగా గడువు షరతే అన్యాయమని వాదించదలిస్తే, అన్యాయపు ఒప్పందాల మీద ఫిర్యాదులను జిల్లా కమిషన్ వినదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. 42,000 పాయింట్ల కోసం అంత దూరం వెళ్లమని నేను సలహా ఇవ్వలేను. ఈమెయిల్, ఆ తరువాత 1915, అక్కడితో ఆపడం మంచిది.

ప్రశ్న: మేము తిరుపతిలో ఉంటాము. దర్శనానికి వచ్చే బంధువుల కోసం ఏడాదికి నాలుగైదుసార్లు ట్రావెల్ యాప్ ద్వారా నేనే హోటల్ గదులు బుక్ చేస్తాను. నా పేరున ఒక హోటల్ సంస్థలో 6,000 పాయింట్లు ఉన్నాయి. ఈ బుకింగులు వాటిని కాపాడతాయా? లేకపోతే ఏం చేయాలి?
(ఒక పాఠకురాలు, తిరుపతి)

సమాధానం: కాపాడవు. ట్రావెల్ యాప్‌ల ద్వారా తీసుకున్న గదులకు హోటల్ పథకాలు సాధారణంగా పాయింట్లు ఇవ్వవు. పాయింటు జమ కాకపోతే ఖాతాలో కదలికా లేనట్టే. సంస్థ సొంత వెబ్‌సైట్‌లోనో, ఫోన్ ద్వారా నేరుగానో తీసుకున్నా మరో మెలిక ఉంది: సభ్యురాలు స్వయంగా బస చేయాలి. ఉదాహరణకు మారియట్‌లో ఒక సభ్యుడికి మూడు గదుల వరకు పాయింట్లు వస్తాయి గాని, వాటిలో ఒక గదిలో ఆ సభ్యుడు ఉండాలి, బిల్లూ తానే కట్టాలి. సొంత ఇల్లు తిరుపతిలో పెట్టుకుని బంధువులతోపాటు మీరూ హోటల్లో పడుకోవడం కుదిరే పని కాదు కదా. గది బుక్ చేసి రద్దు చేసినా అది కదలిక కిందికి రాదు.

బస చేయకుండానే ఖాతాను బతికించే మార్గాలు ఉన్నాయి. సంస్థ పేరుతో ఉన్న క్రెడిట్ కార్డు మీద చిన్న ఖర్చు చేసినా పాయింట్లు చేరి గడువు జరుగుతుంది. పెద్ద పథకాలలో కొద్దిపాటి పాయింట్లు కొన్నా కదలిక కిందే లెక్క. కుటుంబసభ్యుల ఖాతా నుంచి పాయింట్లు బదిలీ చేయించుకుంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు గాని, మారియట్ వంటి చోట్ల ఆ బదిలీని కదలికగా పరిగణించరు.

అయితే ముందు మీ పాయింట్ల విలువ కట్టి చూడండి. 8,000 రూపాయల గదికి 20,000 పాయింట్లు అడుగుతున్నారనుకుంటే ఒక పాయింటు 40 పైసలు, అంటే మీ 6,000 పాయింట్లు 2,400 రూపాయలు. వాటిని నిలుపుకోవడానికి చెన్నై వెళ్లి ఒక రాత్రికి 8,000 రూపాయలు పోయడం ఏ లెక్కనా పొసగదు. ధర పడిపోయిన ఏడాది కోత కూలి కూడా రాదని తోటాపురి కాయను చెట్టు మీదే వదిలేసిన రైతులు మన ప్రాంతంలో ఉన్నారు. పాయింట్లకూ ఆ లెక్కే వేయండి. నాలుగైదు వందలతో పని జరిగితే నిలుపుకోండి, లేకపోతే పోనివ్వండి.

ప్రశ్న: పాయింట్లతో బుక్ చేసిన గదికీ, కార్డుతో వచ్చే ఉచిత రాత్రి వోచరుకూ గడువు ఒకేలా ఉంటుందా?
(ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి)

సమాధానం: ఉండదు. వోచరు తేదీ మీరు ఎన్నిసార్లు బస చేసినా ముందుకు జరగదు. ఆ తేదీ లోపల బుక్ చేస్తే చాలా, లేక బస కూడా పూర్తి కావాలా అన్నది వోచరు షరతులలో చదివి తెలుసుకున్న తరువాతే ప్రయాణం తేదీ ఖరారు చేసుకోండి.