మాన్‌స్టర్ సినిమాలంటే ప్రాణం పెట్టే అబ్బాయిని వీఎఫ్‌ఎక్స్ కోర్సులో చేర్పించవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి పన్నెండో తరగతి. చిన్నప్పటి నుంచి కింగ్ కాంగ్, గాడ్జిల్లా లాంటి సినిమాలంటే పిచ్చి. పాతవే బాగుంటాయి, మళ్లీ తీసి చెడగొట్టారు అని గంటలకొద్దీ వాదిస్తాడు. వీఎఫ్‌ఎక్స్ (సినిమా దృశ్యాలను కంప్యూటర్‌తో సృష్టించే పని) నేర్చుకుని అలాంటి సినిమాలకు పనిచేస్తానంటున్నాడు. ఏడాది డిప్లొమా మేలా, మూడు నాలుగేళ్ల డిగ్రీ మేలా? అసలు ఈ పిచ్చితో బతుకు గడుస్తుందా? - ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు అడిగింది డిప్లొమా, డిగ్రీల గురించే అయినా మీ టెన్షన్ అంతా చివరి వాక్యంలోనే ఉంది. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. ఒకరింట్లో క్రికెట్, ఇంకొకరింట్లో గిటార్, మీ ఇంట్లో రాక్షస జంతువులు. భయం మాత్రం అందరిదీ ఒకటే. అందుకే ముందు దాని సంగతే చూద్దాం.

మీ అబ్బాయి వాదన ఊసుపోక చెప్పే కబుర్లు కావు. కోట్లు ఖర్చుపెట్టి, పేరున్న కళాకారులందరినీ పెట్టుకుని తీసినా కొత్త సినిమా పాతదాని ముందు ఎందుకు తేలిపోతుందన్నది ఆ రంగంలో ఉన్నవాళ్లనూ వేధించే ప్రశ్నే. వాడికి ఇంత చిన్న వయసులోనే ఆ ప్రశ్న పుట్టింది. మీరు దాన్ని జబ్బులా చూస్తున్నారు.

1933 నాటి కింగ్ కాంగ్‌నే తీసుకోండి. చాలా సన్నివేశాల్లో తెరమీద కనిపించే ఆ కొండంత కోతి నిజానికి అడుగున్నర ఎత్తు బొమ్మ. విల్లిస్ ఒబ్రయన్ బృందం దాన్ని కొంచెం కదపడం, ఒక ఫ్రేమ్ (ఒక్క ఫోటో) తీయడం, మళ్లీ కదపడం, అలా చేసింది. చేతులు తగిలిన చోటల్లా బొచ్చు చెదిరి, తెరమీద అది అదోలా వణుకుతూ కనిపిస్తుంది. సాంకేతికంగా చూస్తే అది లోపమే. అయినా ఎంపైర్ స్టేట్ భవనం ఎక్కిన కాంగ్‌ను విమానాలు కాల్చినప్పుడు అది తన గాయాన్ని తడుముకుని, వేళ్లకేసి చూసుకుంటుంది. తనకేం జరిగిందో దానికి అర్థం కాదు. మనకు అర్థమవుతుంది. ఆ కాసేపట్లో ఆ బొమ్మ మీద మనకు కలిగే జాలి ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ బటన్ నొక్కితే రాదు.

1976లో మళ్లీ తీసినప్పుడు నలభై అడుగుల యంత్రపు కాంగ్‌ను కట్టారు. తెరమీద అది కనిపించింది కొన్ని సెకన్లే, మిగతా సినిమాను ఎక్కువగా కోతి వేషం వేసుకున్న రిక్ బేకరే నడిపించాడు. 2005లో పీటర్ జాక్సన్ తీసినది మూడు గంటల ఏడు నిమిషాలు, మూడు ఆస్కార్లు. కాంగ్ కళ్లు అద్భుతంగా ఉంటాయి, కాదనను. కానీ కాంగ్ ఉండే ద్వీపం మీద ఒక జంతువు తర్వాత ఇంకో జంతువు తరుముతూనే ఉంటుంది. కాసేపటికి భయం పోయి అలసట వస్తుంది. అన్నీ చూపించగలిగే రోజుల్లో ఏది దాచాలో తేల్చుకోవడమే కష్టమైపోయింది.

దాచడం అంటే ఏమిటో 1932 నాటి ‘ది మమ్మీ’లో చూడండి. మమ్మీ అంటే ఈజిప్టు సమాధిలో గుడ్డపీలికలు చుట్టి దాచిన శవం. దాని కళ్లు కొద్దిగా తెరుచుకుంటాయి, చేయి మెల్లగా కదులుతుంది. తర్వాత మనకు కనిపించేది కాగితపు చుట్టను అందుకునే చేయి, తలుపు దాటి నేలమీద ఈడ్చుకుపోయే గుడ్డపీలిక, అంతే. గదిలో ఉన్న కుర్రాడు మతిపోయి నవ్వడం మొదలుపెడతాడు. అదే పేరుతో 2017లో వచ్చిన సినిమాకు పెద్ద స్టార్ ఉన్నాడు, కూలిపోయే విమానం ఉంది, దాని వెనక వరసగా రావలసిన సినిమాల ప్రణాళిక కూడా ఉంది. సినిమా విడుదల కాకముందే ఆ వరసకు పేరు పెట్టి ప్రకటించారు. ఆ సినిమా దెబ్బతినడంతో మిగతావాటి ప్రణాళికా మూలపడింది. ఒక్క కథ నిలబడకముందే పది కథలకు పునాది వేస్తే అంతే అవుతుంది.

గాడ్జిల్లా సంగతి ఇంకా లోతు. 1954 మార్చిలో బికినీ దీవుల దగ్గర అమెరికా హైడ్రోజన్ బాంబు పరీక్షించింది. ఆ బూడిద ఒక జపాన్ చేపల పడవ మీద పడి అందులోవాళ్లు జబ్బుపడ్డారు. అదే ఏడాది నవంబర్‌లో ఇషిరో హోండా తీసిన మొదటి గాడ్జిల్లా సినిమా వచ్చింది, అలాంటి బాంబు పరీక్షలతో లేచిన రాక్షస జంతువు కథ. అందులో నగరం కాలిపోయాక ఆసుపత్రిలో ఒక బిడ్డ దగ్గర రేడియేషన్ కొలిచే యంత్రం పెడతారు, అది టకటకలాడుతుంది. చూసేవాళ్లకు అది కల్పన కాదు, నిన్నమొన్నటి గాయం. 1998లో హాలీవుడ్ ఆ జంతువును న్యూయార్క్‌కు తెచ్చి గుడ్లు పెట్టించింది, జనం పరుగెత్తారు. ఆ భయం ఎవరిదో మాత్రం సినిమాకే తెలియలేదు.

అయితే పాతవన్నీ బంగారం అని మీ అబ్బాయి అంటే ఒప్పుకోకండి. 1982లో జాన్ కార్పెంటర్ తీసిన ‘ది థింగ్’, 1986లో క్రోనెన్‌బర్గ్ తీసిన ‘ది ఫ్లై’ రెండూ అంతకుముందు తెరకెక్కిన కథలే. రెండూ పాతవాటిని దాటిపోయాయి. 2023 నాటి ‘గాడ్జిల్లా మైనస్ వన్’లో దర్శకుడు తకాషి యమజాకి వీఎఫ్‌ఎక్స్ బాధ్యతనూ తనే మోశాడు. సుమారు 35 మంది బృందం 610 షాట్లు చేసింది. మరుసటి ఏడాది విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వాళ్లకే వచ్చింది. కథ చెప్పే మనిషి, బొమ్మ చేసే మనిషి ఒకే గదిలో కూర్చుంటే ఏమవుతుందో దాంట్లో కనిపిస్తుంది.

ఇక కోర్సుల మాట. ఏడాది డిప్లొమా అనగానే నాకు అనుమానం మొదలవుతుంది. అలాంటివి చాలావరకు మాయా, న్యూక్, హుడినీ లాంటి సాఫ్ట్‌వేర్లలో ఏ బటన్ ఎక్కడుందో నేర్పుతాయి. అది నేర్చుకోవలసిందే, కానీ రెండేళ్లకో మూడేళ్లకో పరికరం మారుతుంది. బరువైన ప్రాణి అడుగు వేస్తే భుజం ఎంత ఆలస్యంగా కదులుతుంది, తడిసిన బొచ్చు మీద వెలుగు ఎలా పడుతుంది, భయపడ్డ మనిషి ముందు కళ్లు తిప్పుతాడా తల తిప్పుతాడా, ఇవేవీ ఏడాదిలో రావు. బయటికొచ్చిన పిల్లల్లో చాలామంది రోటో పనితో మొదలుపెడతారు. ఫ్రేమ్ తర్వాత ఫ్రేమ్ మనిషి ఆకారం చుట్టూ గీత గీసి వెనకున్న దృశ్యం నుంచి విడదీయడం. యంత్రాలు ముందుగా లాక్కునే పనుల్లో ఇదొకటి. ఉద్యోగం గ్యారంటీ అనే ప్రకటనల్లో ఈ ముక్క ఉండదు.

పేరున్న సినిమాకు పనిచేసినంత మాత్రాన ధీమా వస్తుందనీ అనుకోకండి. ‘లైఫ్ ఆఫ్ పై’లో పులిని చేసిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థ 2013 ఫిబ్రవరిలో దివాలా పిటిషన్ వేసింది, అదే నెలలో ఆ పనికి ఆస్కార్ వచ్చింది. ఇలాంటి వీఎఫ్‌ఎక్స్ సంస్థలు ముందే ఒక మొత్తానికి పని ఒప్పుకుంటాయి. దర్శకుడు పదిసార్లు మార్పులు అడుగుతాడు, ఆ భారం రాత్రిళ్లు కూర్చునే పిల్లల మీద పడుతుంది. 2011లో ‘ది థింగ్’కు ముందుకథ తీసినప్పుడు చేతులతో తయారుచేసిన జీవులను చాలాచోట్ల కంప్యూటర్ బొమ్మలతో కప్పేశారు. ఇంత కష్టపడి చేసింది తెరమీద కనిపించకపోయినా తట్టుకునే మనసు కూడా ఈ పనికి కావాలి.

ఇప్పుడు మిమ్మల్ని ఒక మాట అనాలి. వాడు సినిమాలు చూస్తాడని, వాదిస్తాడని రాశారు. బొమ్మలు గీస్తాడా, మట్టితో చేస్తాడా, ఫోన్‌తో ఏమైనా తీస్తాడా, ఒక్క ముక్క లేదు. మీరు అడగలేదన్నమాట. వాడి పక్కన కూర్చుని ఒక్క సినిమా అయినా పూర్తిగా చూశారా? చూడకుండానే వాడి బతుకు గురించి నన్నెలా అడుగుతారు? ఎదిగే పిల్లాడు తనకు బాగా తెలిసిన విషయం ఇంట్లో చెప్పబోయిన ప్రతిసారీ విసుగు ఎదురైతే, కొన్నాళ్లకు చెప్పడమే మానేస్తాడు. తర్వాత వాడేం చేస్తున్నాడో మీకు తెలిసే దారి ఉండదు.

అంత భయపడాల్సిన పని మాత్రం లేదు. చిత్రలేఖనం, శిల్పం, ఫోటోగ్రఫీ, సినిమా చరిత్ర కలిపి నేర్పే డిగ్రీ దొరికితే నా ఓటు దానికే. లెక్కల్లో, ఫిజిక్స్‌లో గట్టివాడైతే కంప్యూటర్ సైన్స్ చదివినా ఈ రంగంలోకి దారి ఉంది. నీరు, పొగ, బొచ్చు కదలికలకు ప్రోగ్రామ్ రాసేవాళ్లు కావాలి. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్ ఉచితం, డిగ్రీ చదువుతూనే ఇంట్లో నేర్చుకోవచ్చు. సినిమా కుదరకపోయినా గేములు, ప్రకటనలు, వైద్యవిద్య కోసం చేసే యానిమేషన్, కట్టబోయే భవనాల నమూనాలు ఉన్నాయి. చూసే కన్ను ఉన్నవాడికి చేయడానికి పని ఉంటుంది. మీ అబ్బాయికి ఆ కన్ను ఉందని మీ ఉత్తరమే చెబుతోంది.

చేయి కూడా ఉందో లేదో ఫీజు కట్టకముందే తెలుసుకోవచ్చు. ఏదో ఒక బొమ్మను ఫోన్ ముందు పెట్టి పది సెకన్లు నడిపించమనండి. సెకనుకు 12 ఫోటోల లెక్కన 120 ఫోటోలు. ఫోన్ కదలకూడదు, వెలుగు మారకూడదు, బొమ్మకు బరువున్నట్టు అనిపించాలి. మొదటిది కచ్చితంగా బాగా రాదు, మీరు నవ్వకండి. వాడు తనంతట తానే రెండోది మొదలుపెడితే ఆ రెండు వీడియోలూ నాకు పంపండి. ఏ కాలేజీ అన్నది అప్పుడు మాట్లాడుకుందాం.