శనివారం ఒక్క చోటికే పో బిడ్డా

హన్మకొండ

చిరంజీవి బిడ్డకు పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న మీ అమ్మ ఇంటికొచ్చి అంతా చెప్పింది. లండన్ పోయి ఇన్ని నెలలాయె, ఏం చూడలేదని అల్లుడు బాధపడుతుండట. చూద్దమని బయల్దేరితే చిన్నోడు రైల్ల ఏడుస్తడు, పెద్దది నడవనంటది, పొద్దుగూకే వరకు మీ ఇద్దరికీ మాటా మాటా పెరుగుతదట. పెద్దబాపు ఉద్యోగం మీద మేము ఆ ఊర్ల ఉన్నప్పుడు ఇద్దరు పిల్లలను పట్టుకొని నేను తిరిగిన. ఫోన్ల చెప్తే సగం మర్చిపోతవని రాస్తున్న.

ఒక్క మాట గట్టిగ పట్టుకో. రెండు రోజుల సెలవుల ఒక్క పూట, ఒక్క చోటు. రెండో చోటు వద్దు. బిగ్ బెన్, టవర్ బ్రిడ్జ్, రాజుగారి బంగళా ఒక్క రోజుల చుట్టేసుడు వారం రోజుల టూరుకు వచ్చినోళ్లకు తప్పదు. నువ్వు అక్కడ కాపురం చేస్తున్నవు, నీకేం తొందర? శనివారం పొద్దుగాల పోయి, చిన్నోడు పండుకునే యాళ్లకు ఇల్లు చేరుకోండ్రి. ఆదివారం ఇంట్ల ఉండాలె. తలస్నానాలు, బట్టలు, వారానికి సరిపడ ఇడ్లీ పిండి ఆ రోజే. ఆ ఒక్క రోజు కూడ బయటనే గడిస్తే సోమవారం బడికి పిల్ల ఏడ్చుకుంటనే పోతది.

మొదలు నేచురల్ హిస్టరీ మ్యూజియంకు పో. టికెట్టు లేదు, కాని ఉచితంగనే ముందు టైమ్ బుక్ చేసుకుంటే క్యూ తప్పుతది. 10 గంటలకు తలుపు తీస్తరు, అప్పటికే అక్కడ ఉండు. సౌత్ కెన్సింగ్టన్ స్టేషన్ నుంచి మ్యూజియంల దాక భూమి కింద తోవ ఉంది, వాన పడ్డా తడవరు. పెద్ద హాలుల పైకప్పు నుంచి నీలి తిమింగలం ఎముకల గూడు వేలాడుతుంటది. 25 మీటర్ల పొడుగు, నోరు తెరిచి కిందికి దూకుతున్నట్టు కట్టిండ్రు. 1891ల ఐర్లాండ్ ఒడ్డుకు కొట్టుకొచ్చిన తిమింగలం అది, దానికి హోప్ అని పేరు కూడ పెట్టుకున్నరు. పిల్లను దాని కింద నిలబెట్టి నువ్వు ఊకో. పక్కటెముకలు లెక్కపెడతనంటే పెట్టనియ్యి. ముందు రెక్కలు చూపెట్టు, లోపల ఎముకలు మన చేతివేళ్ల తీరుగనే ఉంటయి. ఆమె తన చెయ్యి చూసుకొని మళ్ల పైకి చూస్తది. ఆ చూపు కోసమే పోవాలె. డైనోసార్ల దిక్కు జనం ఎక్కువుంటే వదిలెయ్యి, అవి వచ్చే నెలకు.

మళ్ల అదే మ్యూజియంకు పోయినా ఏం కాదు. పిల్లలకు తెలిసిన చోటంటేనే ఇష్టం. రెండోసారి పోయినప్పుడు పెద్దదే తమ్మునికి తోవ చూపెడతది. పక్కనే సైన్స్ మ్యూజియం, దాంట్ల కింది అంతస్తుల చిన్నపిల్లలు నీళ్లతోటి ఆడుకునే చోటు ఉంది. ఇంకో జత బట్టలు సంచిల పెట్టుకో. హాఫ్ టర్మ్ అని బడికి నడుమల ఇచ్చే సెలవుల మాత్రం మ్యూజియంల మొఖం చూడకు, దేశమంతా అక్కడనే ఉంటది.

ప్రయాణం సంగతి. 11 ఏండ్ల లోపు పిల్లలకు పెద్దోళ్లు వెంట ఉంటే ట్యూబుల (భూమి కింది రైలు), బస్సుల టికెట్టు లేదు. కాని ట్యూబు స్టేషన్లల చాలా వాటికి లిఫ్టు లేదు. చిన్నోని బండి పట్టుకొని మెట్లు దిగుడు ఇద్దరికీ ప్రాణం మీదికొస్తది, ముందే మెట్లు లేని స్టేషన్ల మ్యాపు చూసుకో. ఆలస్యమైనా నేనైతే బస్సే ఎక్కుత. పై అంతస్తుల ముందు సీటు దొరికితే పిల్లకు దారంత సినిమానే. కింద బండి పెట్టే జాగ వీల్‌చైర్‌ల వచ్చేటోళ్లదే ముందు, వాళ్లొస్తే బండి మడిచి పక్కకు జరుగు.

తిండి ఇంటి నుంచే తీసుకపో. పూరీలు, పెరుగన్నం, గిన్నప్ప (బియ్యప్పిండి రొట్టె). గిన్నప్పల పల్లీలు దంచి వెయ్యి, శనగపప్పు మంచిగ నానాలె. 5 ఏండ్ల లోపు పిల్లలకు గింజలు గింజలుగ ఇస్తే గొంతుల పడతయని అక్కడి డాక్టర్లు గట్టిగ చెప్తరు, అది నిజమే. ఆ మ్యూజియంలల మనం తెచ్చుకున్నది కూసోని తినే జాగలుంటయి, సిగ్గుపడకు.

ఎండ వచ్చినప్పుడు గ్రీనిచ్ పోండ్రి. బ్యాంక్ అనే స్టేషన్ల డిఎల్‌ఆర్ అనే చిన్న రైలు ఎక్కితే ముందు డ్రైవర్ గది ఉండదు, ముందు అద్దం కాడ కూసున్న పిల్ల రైలు తనే నడుపుతున్ననంటది. ముందు సీటు దొరకకపోతే ఆ రైలు వదిలి తర్వాత దాంట్ల ఎక్కుండ్రి. ఐలాండ్ గార్డెన్స్‌ల దిగితే తేమ్స్ నది అడుగున నడిచిపోయే సొరంగం ఉంది. 1902ల ఓడరేవుల పనిచేసే కూలీల కోసం కట్టిండ్రు. గుండ్రటి గోడలకు తెల్లటి పలకలు, పిలిస్తే గొంతు మారుమోగుతది. మన నెత్తి మీద పడవలు పోతున్నయని చెప్పు. లిఫ్టు అప్పుడప్పుడు పనిచెయ్యదు, బండి ఉంటే ముందు చూసుకో. అవతల ఒడ్డుకు ఎక్కితే పెద్ద పాతకాలపు ఓడ, దాని వెనుక పార్కు. పార్కుల గుట్ట మీదనే తూర్పు పడమరలు లెక్కపెట్టే సున్నా డిగ్రీల రేఖ. మన హన్మకొండ అక్కడి నుంచి తూర్పుకు 79 డిగ్రీలు దాటి ఉంది, అందుకే అమ్మమ్మ ఇంట్ల పొద్దు ముందు పొడుస్తదని ఆ రేఖ మీద నిలబెట్టే చెప్పు.

తిరిగేటప్పుడు మీ అమ్మకు వీడియో కాల్ చెయ్యకు. ఆదివారం పొద్దుగాల 10 గంటలకు చెయ్యి. చలికాలంల మనకు మధ్యాహ్నం మూడున్నర, ఎండకాలంల రెండున్నర. చూసిందంత పెద్దదాన్నే చెప్పనియ్యి. ఎముకలు, సొరంగం, ఓడ, ఇవన్ని అమ్మమ్మకు తెలియాల్నంటే తెలుగుల మాటలు వెతుక్కోక తప్పదు. మధ్యల నువ్వు అందియ్యకు. ఆగి ఆగి అయినా చెప్తది, మీ అమ్మకు వినే ఓపిక ఉంది.

బ్రిటిష్ మ్యూజియంల అమరావతి శిల్పాల గది ఉంది. పల్నాటి సున్నపురాయి మీద చెక్కినవి, 1840లల వాల్టర్ ఇలియట్ అనే ఇంగ్లీషు అధికారి తవ్వించి మద్రాసు తీసుకపోతే, 1859ల ఓడల లండన్ చేరినయి. గది తెరిచి ఉందో లేదో కనుక్కొని పో. మన రాళ్లు ఇక్కడెందుకున్నయని పిల్ల అడుగుతది. దాటెయ్యకు, ఉన్నదున్నట్టు చెప్పు.

ఇది అల్లునికి చదివి వినిపియ్యి. నెలకు ఒక్క శనివారమన్న పిల్లలిద్దరిని తను తీసుకపోవాలె, నువ్వు ఇంట్ల పండుకోవాలె. ఇంకో శనివారం తను పండుకుంటడు. వారమంత ఆఫీసు, వారమంత పిల్లలు, ఇద్దరు అలసిపోయే ఉంటరు. నలుగురు కలిసి పోతేనే కుటుంబమని ఎవరన్నరు? తండ్రి ఒక్కడే తీసుకపోతే పిల్లలు తండ్రితోటి మాట్లాడుడు మొదలుపెడతరు. మీ ఇద్దరి గొడవకు సగం మందు నిద్ర.

వానకు ఆగకు. ఆగితే అక్టోబర్ నుంచి మార్చి దాక ఇంట్లనే. పిల్లలకు కాళ్ల దాక వచ్చే వాన డ్రెస్సు, రబ్బరు బూట్లు కొను. డిసెంబర్‌ల సాయంత్రం 4 కాకముందే పొద్దు గుంకుతది, ఆ నెలల ఇంటి దగ్గరి పార్కే చాలు. రిచ్‌మండ్ పార్కుల జింకలు చూడాలంటే 50 మీటర్ల దూరం నుంచే చూడుండ్రి, జింకలు పిల్లలు పెట్టే మే, జూన్‌లల ఇంకా జాగ్రత్త.

పెద్దది బడిల పడ్డది కాబట్టి చదువు రోజులల ఎగ్గొట్టి ఊరికి రాకండ్రి, 5 రోజులు పోతే తల్లికి 80 పౌండ్లు, తండ్రికి 80 పౌండ్లు జరిమానా వేస్తరు. ఆగస్టుల రండ్రి. మీ అత్తగారోళ్లు వేయిస్తంభాల గుడి, భద్రకాళి, కోట, రామప్ప, లక్నవరం ఒక్క రోజుల తిప్పుదమంటరు. ఒప్పుకోకు. పొద్దుగాల్నే రామప్పకు ఒక్కదానికే పోదం. గుడి గోడల కింద చుట్టూత ఏనుగుల వరుస ఉంటది, తిమింగలం ఎముకలు లెక్కపెట్టిన పిల్ల ఏనుగులు లెక్కపెట్టకుంట ఉండదు. శిఖరం ఇటుకలు నీళ్ల మీద తేలేటంత తేలికని చెప్తే నమ్మదు, అడగనియ్యి. ఎండెక్కితే రాయి మీద ఒట్టి కాళ్లు కాలుతయి, చిన్నోనికి సాక్సులు తెచ్చుకో. బోగత జలపాతం ఈసారికి వద్దు, వానకాలం ఉరవడి చిన్నపిల్లలతోటి మంచిది కాదు.

కారు నేను మాట్లాడిపెడత. టికెట్లు బుక్ కాంగనే తారీఖు చెప్పు.

మీ పెద్దమ్మ